వరదకి కరెంటు పోతే సబ్సిడీ సోలారూ ఆగిపోతుందండి

"మాది గోదావరి లంక ఊరు. వరదొస్తే రోజుల తరబడి కరెంటుండదు. సబ్సిడీ మీద 3 కిలోవాట్ల రూఫ్‌టాప్ పెట్టిస్తే ఆ చీకటి తప్పుతుందా?" అని ఒకరు అడిగారు.

తప్పదండి. 2024లో వచ్చిన కేంద్ర పథకం పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకి 78,000 రూపాయలు ఇస్తున్న మాట నిజమే. కానీ మామూలుగా బిగించేది ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్, అంటే లైన్లో కరెంటుంటేనే పనిచేసేది. లైన్లో కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది. స్తంభమెక్కిన లైన్‌మన్‌కి షాక్ కొట్టకూడదని దాన్ని అలాగే తయారుచేస్తారు. మిట్టమధ్యాహ్నం ఎండ మండుతున్నా మీ ఫ్యాను తిరగదు. అమ్మేటప్పుడు ఈ ముక్క మాత్రం ఎవరూ చెప్పరు! బిల్లు తగ్గడానికైతే అది పెట్టించుకోండి. వరదకి మాత్రం బ్యాటరీతో చిన్న సెట్టు వేరే ఉండాలి.

30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే) ఫ్యాన్లు రెండు పది గంటలు తిరిగితే 600 వాట్-అవర్లు. 9 వాట్ల బల్బులు మూడు ఆరు గంటలకి 162. ఫోన్లకి ఓ 40. అంతా కలిపి 800. దీనికి 12.8 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ, 330 వాట్ల ప్యానెల్ ఒకటి చాలు. ముసురు పట్టిన రోజు ఒక ఫ్యాను ఆపుకోవాలి. యాసిడ్ పోసే ట్యూబులర్ బ్యాటరీ చవకే, కానీ 150 ఏహెచ్‌ది 50 కిలోలు దాటుతుంది, వంగితే యాసిడ్ ఒలుకుతుంది. లిథియం సుమారు 12 కిలోలు, చంకన పెట్టుకుని నావ ఎక్కొచ్చు. లంకలో బేరం తేలేది ఇక్కడే.

డబ్బు వృథా అయ్యేది కంట్రోలర్ దగ్గర, అంటే ప్యానెల్ నుంచి బ్యాటరీకి చార్జింగు నడిపే పెట్టె దగ్గర. 330 వాట్ల ప్యానెల్ 37 వోల్టుల దగ్గర 9 ఆంపియర్లు ఇస్తుంది. చవకగా దొరుకుతుందని పీడబ్ల్యూఎం రకం కంట్రోలర్ తగిలిస్తే అది ప్యానెల్‌ని బ్యాటరీ వోల్టేజీకి లాగేస్తుంది. 13 వోల్టులు, 9 ఆంపియర్లు, అంటే 120 వాట్లే. మిగతాదంతా ఎండలోనే పోయినట్టు. తర్వాత "సోలార్ దండగ" అని తిట్టేది ఇలా పెట్టుకున్నవాళ్లే. ప్యానెల్ వోల్టేజీని వృథా చేయకుండా మార్చి ఇచ్చే ఎంపీపీటీ కంట్రోలర్, 30 ఆంపియర్లది కొనండి. సెట్టింగు లిథియంకి మార్చి, ఈక్వలైజేషన్ (యాసిడ్ బ్యాటరీలకి ఇచ్చే ఎక్కువ వోల్టేజీ చార్జింగు) ఆపెయ్యండి.

ఫ్యాన్లు, బల్బులు 12 వోల్టుల డీసీవే తీసుకుంటే ఇన్వర్టరే అక్కర్లేదు, కానీ వైరు లావుగా ఉండాలి. ఇంట్లో వాడే 1 స్క్వేర్ ఎంఎం వైరు 10 మీటర్లు లాగితే, 5 ఆంపియర్ల దగ్గర 1.8 వోల్టులు దారిలోనే పోయి ఫ్యాను ఈడుస్తుంది. 4 స్క్వేర్ ఎంఎం వేయండి. బ్యాటరీ ప్లస్ దగ్గర 40 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరి.

ప్యానెల్ దక్షిణానికి, 15 డిగ్రీల వాలులో పెట్టాలి. కొబ్బరి మట్ట నీడ నాలుగు సెల్స్ మీద పడినా దిగుబడి సగానికి దిగొచ్చు. సముద్రం దగ్గరైతే స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులే వాడాలి, మామూలువి ఉప్పుగాలికి తుప్పు పట్టి ఊడిపోతాయి.

ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మూడోదాకా ఆగకండి, రెండోది రాగానే బ్యాటరీ విప్పెయ్యండి. ముందు ప్యానెల్ మీద దుప్పటి కప్పి ప్యానెల్ వైర్లు తీయాలి, ఆ తర్వాతే బ్యాటరీవి. తిరగేసి చేస్తే ప్యానెల్ వోల్టేజీ నేరుగా ఫ్యాన్లు, బల్బుల మీద పడి కంట్రోలర్ కాలిపోవచ్చు. తిరిగి బిగించేటప్పుడు బ్యాటరీ ముందు, ప్యానెల్ ఆఖరు. నీళ్లలో మునిగిన స్విచ్చులు, జాయింట్లలో ఒండ్రు పట్టి ఉంటుంది. మంచినీళ్లతో కడిగి, రెండు రోజులు ఎండనిచ్చాకే కరెంటివ్వండి.