నేషనల్ మెరిట్ వచ్చింది సరే, మరి ఎంఐటీ?

టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి ట్వెల్త్ గ్రేడ్. శాట్‌కి ముందు రాసే పీశాట్‌లో 1490 తెచ్చుకుని, ఆ మార్కుల్ని బట్టి ఇచ్చే నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్‌కి సెమీఫైనలిస్ట్ అయింది. కాలేజీ అడ్మిషన్ల పరీక్ష శాట్‌లో 1530. ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్‌లకు ఇది ఎంతవరకు పనికొస్తుంది? డిసెంబర్‌లో మూడోసారి శాట్ రాయించమంటారా? ఆదివారాలు తెలుగు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్తుంది గానీ, అది లెక్కలోకి రాదనుకుంటా."

ముందు మూడోసారి సంగతి తేల్చేద్దాం. వద్దండీ. ఇంగ్లీషు 740, మాథ్ 790 అనుకుంటాను మీ అమ్మాయివి. ఎంఐటీలో చేరే పిల్లల్లో మధ్య సగం మందికి మాథ్ 780 నుంచి 800 మధ్య ఉంటుంది, అంటే మీ అమ్మాయి ఆ గుంపులోనే ఉంది. 1530ని 1560 చెయ్యడానికి ఆరు శనివారాలు ప్రాక్టీస్ టెస్టులకి పోతే, ఎస్సేలు రాయాల్సిన టైమ్ అదే కాబట్టి, లాభం కంటే నష్టం ఎక్కువ.

మీరూ నేనూ ఎంసెట్ కాలం వాళ్ళం. ర్యాంకు వచ్చిందా, కౌన్సెలింగ్‌కి వెళ్ళామా, ఆ ర్యాంకుకి ఏ కాలేజీలో ఏ బ్రాంచి మిగిలితే అది. మన కంటే వెనక ర్యాంకువాడికి మన కేటగిరీలోనే సీటొస్తే అదెలా అని నిలదీయొచ్చు. ఇక్కడ అలా నిలదీయడానికి ర్యాంకుల లిస్టే ఉండదు. స్కోర్ చూసి "ఈ పిల్ల మా చదువు తట్టుకుంటుంది" అనుకుంటారు, అంతటితో స్కోర్ పని అయిపోతుంది. ఆ మాట అనిపించుకున్న వాళ్ళు వేలల్లో ఉంటారు, అప్లై చేసినవాళ్ళలో నూటికి నలుగురైదుగురినే తీసుకుంటారు. స్కోర్ అక్కర్లేదని చెప్పడం లేదు. కోవిడ్ టైమ్‌లో ఐచ్ఛికం చేసిన శాట్‌ని ఎంఐటీ 2022లోనే మళ్ళీ తప్పనిసరి చేసింది, 2024లో డార్ట్‌మత్, హార్వర్డ్, బ్రౌన్ కూడా అదే దారి పట్టాయి, స్టాన్‌ఫర్డ్ కూడా ఇప్పుడు అడుగుతోంది. బర్క్‌లీ, యూసీఎల్ఏ మాత్రం అడ్మిషన్‌కి స్కోర్ వైపు చూడనే చూడవు, మీరు పంపినా సరే.

ఇక నేషనల్ మెరిట్. దేశం మొత్తం మీద దాదాపు 16 వేల మందికి వచ్చే గుర్తింపు, చిన్నదేమీ కాదు. కానీ అది ఎలా వస్తుందో చూడండి. పీశాట్ ఇంగ్లీషు మార్కుని రెట్టింపు చేసి, మాథ్ కలిపి, పదితో భాగిస్తారు. మీ అమ్మాయికి ఇంగ్లీషు 730, మాథ్ 760 అయితే 222. 2026 బ్యాచ్‌కి టెక్సస్ కటాఫ్ సరిగ్గా 222, గీత మీద నిలబడింది అన్నమాట. ఇదే అమ్మాయి న్యూజెర్సీలో చదువుతుంటే కటాఫ్ 225, వచ్చేది కాదు. (మనవాళ్ళు మాథ్ కోచింగ్‌కి పోసే డబ్బులో సగం ఇంగ్లీషు చదివించడానికి పెడితే బాగుండునని ఇది చూసినప్పుడల్లా అనిపిస్తుంది.) కటాఫ్ రాష్ట్రాన్ని బట్టి మారుతుందని అడ్మిషన్ ఆఫీసు వాళ్ళకి మనకంటే బాగా తెలుసు. పైగా సెమీఫైనలిస్టుల్లోంచి ఏరిన ఫైనలిస్టుల పేర్లు ఫిబ్రవరిలో చెప్తారు, అప్పటికి మీ అప్లికేషన్లు వెళ్ళిపోయి ఉంటాయి.

మొన్న ఒక అబ్బాయి కామన్ యాప్ (చాలా కాలేజీలకి కలిపి నింపే ఒకే అప్లికేషన్) చూశాను. ఆనర్స్‌కి ఐదు గడులుంటాయి, ఒక్కోదానికి వంద అక్షరాలు. మొదటిది నేషనల్ మెరిట్, రెండోది ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్షలు) స్కాలర్ విత్ డిస్టింక్షన్, మూడోది హానర్ రోల్, నాలుగు, ఐదు కూడా పరీక్షల్లో వచ్చినవే. ఐదు గడులూ నిండాయి, చెప్పింది మాత్రం ఒకటే: పిల్లాడు పరీక్షలు బాగా రాస్తాడు. అది శాట్ స్కోర్ ముందే చెప్పేసింది కదా! ఏపీ స్కాలర్ అవార్డయితే ఏపీ మార్కుల్ని బట్టి దానంతటదే వచ్చేస్తుంది.

మరి నేషనల్ మెరిట్ ఎందుకూ కొరగాదా? డబ్బు దగ్గర బ్రహ్మాండంగా పనికొస్తుంది, కాకపోతే మీరు చూస్తున్న చోట కాదు. ఎంఐటీ, ఐవీ లీగ్ కాలేజీలు మెరిట్‌కి పైసా ఇవ్వవు, ఇంటి ఆదాయం చూసి ఇస్తాయి. ఇద్దరివీ పెద్ద జీతాలైతే మీకు వచ్చేది తక్కువే, అక్కడ ఏడాది ఖర్చేమో 85 వేల డాలర్లు దాటింది. నేషనల్ మెరిట్ వాళ్ళు నేరుగా ఇచ్చే స్కాలర్‌షిప్ 2,500 డాలర్లు, అదీ ఒక్కసారే. అదే మీ ఇంటికి దగ్గర్లో ఉన్న యూటీ డాలస్ ఫైనలిస్టుకి ట్యూషన్ మాఫీ చేసి, హాస్టల్ ఖర్చుకి కూడా ఇస్తుంది. అలబామా యూనివర్సిటీ కూడా ఇలాగే పిలిచి మరీ ఇస్తుంది. "యూటీ డాలసా!" అని ముఖం ముడుచుకునేవాళ్ళని చాలామందిని చూశాను, ఏప్రిల్‌లో మిగతా కాలేజీల ఖర్చులు చూశాక వాళ్ళే ఫోన్ చేస్తారు. నేషనల్ మెరిట్ ఫారంలో ఫస్ట్ చాయిస్ కాలేజీ అడిగిన చోట ఎంఐటీ అని రాసెయ్యకండి, ఇంకా తేల్చుకోలేదని పెట్టి, తర్వాత ఏ కాలేజీ స్కాలర్‌షిప్ కావాలో దాని పేరుకి, ఆ కాలేజీ చెప్పిన గడువులోగా మార్చండి. ఫారం ఈ అక్టోబర్‌లోనే స్కూల్ ద్వారా వెళ్ళాలి, శాట్ స్కోర్ ఆ పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డ్ నుంచి నేషనల్ మెరిట్ వాళ్ళకి చేరాలి, ట్వెల్త్‌లో గ్రేడ్లు జారకూడదు.

యూటీ ఆస్టిన్ గురించి ఒక్క మాట. 2026లో చేరేవాళ్ళకి ఆటోమేటిక్ అడ్మిషన్ తమ స్కూల్లో టాప్ 5 శాతంలో ఉన్నవాళ్ళకే, అదీ యూనివర్సిటీకి గానీ కంప్యూటర్ సైన్స్‌కి కాదు. అది వచ్చేసిందనుకుని కూర్చోకండి.

తెలుగు బడి సంగతి మీరు చివర్లో, అదీ కొట్టిపారేస్తూ రాశారు. నాకు మీ ఉత్తరంలో కొత్తగా కనిపించింది అదొక్కటే. ఏడేళ్ళ పిల్లకి "ళ" పలకడం ఎలా నేర్పింది, గుణింతాలు విసుగొచ్చి లేచిపోయేవాణ్ణి ఎలా కూర్చోబెట్టింది, ఎన్నేళ్ళుగా వెళ్తోంది, ఇవేవీ 1530 చెప్పలేదు. ఎంఐటీ ప్రతి ఏడాది ఇచ్చే కామన్ డేటా సెట్‌లో ఏది ఎంత ముఖ్యమో రాసిన పట్టిక ఉంటుంది, అందులో "చాలా ముఖ్యం" గడిలో ఉన్నది వ్యక్తిత్వం. టెస్ట్ స్కోర్లు దానికి ఒక మెట్టు కింద ఉంటాయి.

ఈ ఆదివారం బడి నుంచి తీసుకొచ్చేటప్పుడు కార్లో అడగండి, ఇవాళ ఎవరు ఏ అక్షరం దగ్గర ఆగిపోయారని. తను చెప్తున్నప్పుడు మధ్యలో శాట్ మాట ఎత్తకండి.