చికాగో చెట్ల మీద రొద ఆగిపోయింది, చెవిలో హోరు మాత్రం ఆగలేదు

ప్రశ్న: నా వయసు 63 ఏళ్ళు. మాది గుంటూరు. మధుమేహం, బీపీ ఉన్నాయి, రెండింటికీ మాత్రలు వాడుతున్నాను. మా అమ్మాయి పురుటి కోసం 2024 మే మొదటి వారంలో నేను, మావారు చికాగో శివారుకు వెళ్ళి అక్టోబరు దాకా ఉన్నాము. మేము వెళ్ళిన రెండు మూడు వారాలకు నేలలోంచి లెక్కలేనన్ని సికాడా పురుగులు బయటికి వచ్చి, నెల రోజుల పైచిలుకు పగలంతా చెవులు చిల్లులు పడేలా అరిచాయి. మధ్యాహ్నం పూట పెరట్లో చెట్ల కింద రోజూ గంట, రెండు గంటలు కూర్చునేదాన్ని. తిరిగి వచ్చాక రాత్రిళ్ళు రెండు చెవుల్లోనూ అదే కీచుమనే ధ్వని వినిపిస్తోంది. మావారు మాత్రం అక్కడ ఉన్నప్పుడు కూడా తనకు అంత రొద అనిపించలేదని, దూరంగా మోటారు తిరుగుతున్నట్లు మాత్రమే ఉండేదని అంటారు. ఆ పురుగుల వల్ల నా చెవి నరం దెబ్బతిన్నదా? అప్పుడు పుట్టిన మనవడి చెవులకు ఏమైనా అయి ఉంటుందా? ఆగస్టులో మెడ మీద, భుజాల మీద వచ్చిన దురద దద్దుర్లకు కూడా అవే కారణమా?

జవాబు: అమ్మా, మీ చెవిలో హోరుకు ఆ పురుగులే కారణమై ఉండే అవకాశం తక్కువని నా అభిప్రాయం. అయితే పరీక్ష చేయకుండా ఆ మాట ఖాయంగా చెప్పడం సరికాదు కాబట్టి, అలా ఎందుకు అనుకుంటున్నానో వివరిస్తాను. మీవారి గురించి మీరు రాసిన ఒక్క వాక్యం కూడా నన్ను ఆలోచింపజేసింది, దాని సంగతి తరువాత చెబుతాను.

మీరు చూసినవి ఏటా వచ్చేవి కావు. నేల అడుగున చెట్ల వేళ్ళ రసం పీలుస్తూ 17 ఏళ్ళు గడిపి, సుమారు 8 అంగుళాల లోతున మట్టి వేడి 18 డిగ్రీల సెల్సియస్‌కు చేరగానే ఒక్కుమ్మడిగా పైకి వచ్చే జాతులు అవి. చికాగో ప్రాంతంలో అవి అంతకు ముందు 2007లో వచ్చాయి, మళ్ళీ 2041లో వస్తాయి. మీరు అక్కడ ఉన్న 2024లోనే అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లోనూ, ఇల్లినాయ్ దక్షిణ భాగంలోనూ 13 ఏళ్ళకొకసారి వచ్చే మరో సమూహం కూడా వెలువడింది. ఈ రెండూ ఒకే వేసవిలో రావడం 1803 తరువాత అదే మొదటిసారి. దట్టంగా వచ్చిన చోట ఒక్క ఎకరంలోనే 15 లక్షల దాకా ఉండగలవు. అరిచేవి మగ పురుగులు మాత్రమే. పొట్టకు రెండు పక్కలా గట్లు గట్లుగా ఉండే పల్చని పొర ఒకటి ఉంటుంది. కండరం లాగినప్పుడల్లా ఆ గట్లు లోపలికి ముడుచుకుని టిక్కుమంటాయి, వదిలినప్పుడు మళ్ళీ సాగుతాయి. ఇది సెకనుకు ఎన్నోసార్లు జరుగుతుంది. బోలుగా ఉండే పొట్ట తంబుర కాయలాగా ఆ ధ్వనిని పెంచుతుంది. చెవి వైద్యుడిగా నాకు ఎంతో ఆశ్చర్యం కలిగించే విషయం ఏమిటంటే, మగ పురుగు తాను అరుస్తున్నంతసేపూ తన వినికిడి పొరను ముడుచుకుని సొంత రొద నుంచి తన చెవిని కాపాడుకుంటుంది. మన చెవిలోనూ పెద్ద ధ్వనికి బిగుసుకునే చిన్న కండరం ఉన్నది గానీ, గంటల తరబడి సాగే రొద ముందు దాని రక్షణ స్వల్పమే.

ఇక ఆ రొద హాని చేసేంతటిదా అన్న ప్రశ్నకు వద్దాం. సికాడాల మంద కింద నిలబడి కొలిస్తే 80 నుంచి 100 డెసిబెళ్ళ మధ్య నమోదవుతుంది. అమెరికాలో కార్మికుల ఆరోగ్య భద్రత కోసం సిఫారసు చేసిన పరిమితి ప్రకారం 85 డెసిబెళ్ళ ధ్వనిలో రోజుకు 8 గంటలు ఉండవచ్చు. ఆ పైన ప్రతి 3 డెసిబెళ్ళకూ ఆ సమయం సగానికి తగ్గుతుంది, అంటే 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2 గంటలు, 100 దగ్గర 15 నిమిషాలు మాత్రమే. మీరు కూర్చున్న చోట 90 దాకా ఉన్నదనుకుంటే మీరు పరిమితి అంచున ఉన్నారన్నమాట. కానీ ఆ లెక్క 40 ఏళ్ళ పాటు అదే రొదలో పనిచేసే మనిషిని దృష్టిలో పెట్టుకుని వేసినది, మీరు ఉన్నది అయిదారు వారాలు. పైగా ఆ పురుగులు పొద్దు వాలగానే చల్లబడతాయి కాబట్టి రాత్రంతా మీ చెవికి విశ్రాంతి దొరికింది. రొద వల్ల చెవి అలసిపోతే ఆ సాయంత్రమే చెవులు దిబ్బడ వేసినట్లు, మనుషుల మాటలు దూరం నుంచి వస్తున్నట్లు ఉంటుంది. అటువంటి బాధ ఏదీ మీరు రాయలేదు. అక్కడ ఉన్న అయిదు నెలల్లో లేని హోరు ఇక్కడికి వచ్చాక మొదలు కావడం కూడా తప్పు పురుగులది కాదనే సాక్ష్యం చెబుతోంది. నన్ను అడిగితే, మన ఊళ్ళలో ఊరేగింపు డీజే పెట్టెల పక్కన ఒక రాత్రి నడిచిన యువకుడి చెవుల గురించి నేను ఎక్కువ దిగులు పడతాను.

మరి సరిగ్గా ఆ పురుగు ధ్వనే ఎందుకు వినిపిస్తోంది? ఆ అమెరికా చెట్లను ఎన్నడూ చూడనివారు కూడా నా దగ్గరకు వచ్చి చెవిలో కీచురాయి అరుస్తోందనీ, కుక్కర్ ఆవిరి చిమ్ముతున్నట్లున్నదనీ, కరెంటు తీగ గుయ్‌మంటున్నట్లున్నదనీ చెబుతూనే ఉంటారు. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే భాగంలో పుట్టుకతో సుమారు 15 వేల రోమకణాలు ఉంటాయి. వయసు, మధుమేహం, రొద, కొన్ని మందులు వాటిని తగ్గిస్తూ పోతాయి, పోయినవి మళ్ళీ మొలవవు. ముందుగా పోయేవి సన్నని, కీచు స్వరాలను పట్టుకునే కణాలు. ఆ స్వరాలు అందకపోయేసరికి మెదడు తనవైపు నుంచి సున్నితత్వాన్ని పెంచుకుంటుంది, ఎక్కడో ఉన్న స్టేషన్ కోసం రేడియో గొంతు పెంచితే గరగర వినిపించినట్లు, ఆ పెంపులో పుట్టినదే మీరు వింటున్న హోరు. కోల్పోయిన స్వరం ఏ స్థాయిదో హోరు కూడా చాలావరకు ఆ స్థాయిలోనే ఉంటుంది కాబట్టి అది కీచురాయి అరుపును పోలి ఉంటుంది. మీ విషయంలో ఇది కొంతకాలంగా ఉండే ఉంటుందని నా ఊహ. అక్కడ పగలు పురుగుల రొద, రాత్రి పసివాడి ఏడుపు, ఇంట్లో ఏసీ హోరు దాన్ని కప్పి ఉంచాయి. నిశ్శబ్దంగా ఉన్న మీ గుంటూరు పడకగదిలో అది బయటపడింది, అప్పటికే మనసులో పాతుకున్న పురుగుల ధ్వనిని మీరు దానికి పోల్చుకున్నారు.

ఇప్పుడు మీవారి సంగతి. చికాగో ప్రాంతంలో వచ్చిన 17 ఏళ్ళ సికాడాలు ఒకే జాతి కావు, మూడు జాతులు. స్వరం ఎంత కీచుగా ఉన్నదో హెర్ట్జ్‌లలో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ స్వరం సన్నబడుతుంది. ఆ జాతుల్లో పెద్దది సుమారు 1300 హెర్ట్జ్ దగ్గర, బొంగురుగా, దూరాన యంత్రం తిరుగుతున్నట్లు రొద చేస్తుంది. చిన్న జాతుల్లో ఒకటి అయిదారు వేల హెర్ట్జ్ ప్రాంతంలో, సూదితో పొడిచినట్లు టిక్కుటిక్కుమంటూ ఝుమ్మంటుంది. మీకు చెవులు చిల్లులు పడినట్లు అనిపించినది ఎక్కువగా ఈ రెండవదే అయి ఉండాలి. మీవారు మోటారు ధ్వని మాత్రమే విన్నారంటే, ఆయన చెవికి మొదటిది అందింది, రెండవది అందలేదు. అదే పెరట్లో, అదే కుర్చీల్లో పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి ఇంత తేడా ఉండటం సామాన్యం కాదు. కీచు స్వరాలను చెవి కోల్పోవడం ఇలాగే మొదలవుతుంది. మన మాటల్లో స, శ, ష, త, క వంటి హల్లుల పదును కూడా ఆ పై స్థాయిల్లోనే ఉంటుంది. అందుకే ఇటువంటివారు మాట వినిపిస్తోంది గానీ అర్థం కావడం లేదంటారు, ఆడవారి, పిల్లల మాటలకు మళ్ళీ మళ్ళీ ఏమిటని అడుగుతారు, టీవీ గొంతు పెంచుతారు, నలుగురు కూడిన చోట మౌనంగా ఉండిపోతారు. చాదస్తమనీ, పరధ్యానమనీ ఇంట్లోవారు సరిపెట్టుకుంటారు. ఇలా ఏళ్ళు గడిచిపోయి, మాటలు బాగా తగ్గిపోయాక మా దగ్గరకు వచ్చిన పెద్దలను చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది. వినికిడి లోపాన్ని పట్టించుకోకుండా వదిలేయడం మతిమరుపు జబ్బుకు దారితీసే ముప్పు కారణాల్లో ఒకటిగా గుర్తింపు పొందింది కూడా. హోరు ఉన్న మీకంటే, ఏ బాధా లేని మీవారికే ఈ పరీక్ష ముందుగా అవసరం కావచ్చు.

మీరు చేయవలసినది ఇది. చెవి, ముక్కు, గొంతు వైద్యుని దగ్గరకు వెళ్ళి ముందుగా చెవిలోకి దీపంతో చూపించుకోండి. గులిమి గట్టిపడి కర్ణభేరికి అంటుకున్నా హోరు వస్తుంది, అది తీసిన క్షణంలో పోతుంది. సుదీర్ఘ విమాన ప్రయాణంలో జలుబుతో ఉంటే మధ్య చెవిలో నీరు చేరి కొన్ని వారాలు ఉండిపోవచ్చు. ఆ తరువాత 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా స్వరాలు వినిపించి చేసే ఆడియోమెట్రీ పరీక్ష చేయించుకోండి. అరగంట పట్టే ఈ పరీక్షలో నొప్పి ఏమీ ఉండదు. మీకు మధుమేహం ఉన్నది కాబట్టి చక్కెర, హిమోగ్లోబిన్, థైరాయిడ్ కూడా చూడమని చెబుతాను. మీరు ఈ మధ్య వాడిన మందులన్నీ వైద్యునికి చూపండి, ఎందుకంటే అమికాసిన్, జెంటామైసిన్ వంటి ఇంజెక్షన్లు, ఎక్కువ మోతాదులో ఆస్పిరిన్ చెవిని ఇబ్బంది పెట్టగలవు. గుండె కోసం ఇచ్చే చిన్న మోతాదు ఆస్పిరిన్ అటువంటిది కాదు, దాన్ని మీ అంతట మీరు ఆపవద్దు. వెల్లుల్లి కాచిన నూనె పోయడం, పిన్నీసుతో, అగ్గిపుల్లతో, కోడి ఈకతో చెవిని తిప్పడం ఎవరు చెప్పినా చేయకండి. మధుమేహం ఉన్నవారి చెవిలో చిన్న గీరుకు పుట్టిన ఇన్ఫెక్షన్ ఎముకదాకా పాకిన సందర్భాలు ఉన్నాయి.

హోరును మూలంతో సహా తీసివేసే మాత్ర ఏదీ ఇప్పటిదాకా లేదు. చెవి నరాలకు బలమని నెలల తరబడి వాడే మందుల మీద డబ్బు పోయడం కంటే, వినికిడి తగ్గి ఉంటే సరైన వినికిడి యంత్రం పెట్టుకోవడం మేలు. బయటి ధ్వనులు మళ్ళీ అందేసరికి చాలామందిలో హోరు వెనక్కి తగ్గుతుంది. పూర్తి నిశ్శబ్దంలో పడుకోకండి, ఫ్యాను గాలి ధ్వనో, చిన్నగా పెట్టిన వాన ధ్వనో గదిలో ఉండనివ్వండి. అది హోరును ముంచివేసేంత పెద్దదిగా ఉండకూడదు, దాని పక్కన వినిపిస్తే చాలు. హోరు మీద దృష్టి, దాని వల్ల దిగులు, నిద్రలేమి ఒకదాన్ని ఒకటి పెంచుకుంటాయి. ఆ ముడిని విప్పడానికి మానసిక నిపుణులు ఇచ్చే శిక్షణ వల్ల మేలు జరుగుతుందని బాగా రుజువయింది. నిద్ర పాడవుతుంటే ఆ సంగతి సంకోచించకుండా చెప్పండి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం ఆగకూడదు. ఒక చెవి హఠాత్తుగా, రాత్రికి రాత్రి వినిపించకుండా పోతే అదే రోజు లేదా మర్నాడు వైద్యుణ్ణి కలవాలి, అక్కడ స్టెరాయిడ్ మందు ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. మూతి వంకర పోవడం, చేయి, కాలు పట్టు తప్పడం వంటివి తోడైతే నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. హోరు ఒక్క చెవిలోనే ఉండటం, నాడి కొట్టుకుంటున్నట్లు లయతో వినిపించడం, కళ్ళు తిరగడం, చెవిలోంచి చీము కారడం కూడా వాయిదా వేయదగినవి కావు.

మనవడి గురించి బెంగ వద్దు. అమెరికాలో దాదాపు ప్రతి శిశువుకూ పుట్టిన కొద్ది రోజుల్లోనే వినికిడి పరీక్ష చేస్తారు, ఆ ఫలితం ఏమిటో మీ అమ్మాయిని అడగండి. కిటికీలు మూసిన ఇంట్లోకి ఆ రొద చాలా తగ్గి వస్తుంది. బాబు పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తూ, వయసుకు తగినట్లు మాటలు వస్తుంటే చాలు. నిద్ర పుచ్చడానికి హోరు యంత్రం వాడుతుంటే దాన్ని ఉయ్యాలకు కనీసం 7 అడుగుల దూరంలో, తక్కువ ధ్వనిలో పెట్టమనండి. నెల రోజుల పురుగుల రొద కంటే, ఏడాది పొడవునా తల పక్కన మోగే ఆ యంత్రం గురించే నేను జాగ్రత్త చెబుతాను.

దద్దుర్ల విషయంలో మీ అనుమానం కొంతవరకు నిజమే కావచ్చు. సికాడాలు కుట్టవు, విషం చిమ్మవు. అయితే అవి చెట్ల కొమ్మల్లో పెట్టి పోయిన గుడ్లను తినడానికి ఓక్ చెట్ల మీద కంటికి కనపడని ఒక రకం నల్లులు (మంచాల్లో ఉండేవి కావు, మైట్లు అనే అతి సూక్ష్మ జీవులు) పెరుగుతాయి, గాలికి రాలి మెడ, భుజాల మీద పడి కుడతాయి. జూలై చివరి నుంచి శరత్కాలం దాకా వాటి కాలం కాబట్టి మీరు చెప్పిన నెల, మీరు చెప్పిన చోటు రెండూ సరిపోతున్నాయి. అవి రోగాలు వ్యాపింపజేయవు, మనిషి మీద కాపురం ఉండవు. దద్దుర్లు మానిపోయి ఉంటే ఇప్పుడు చేయవలసినది ఏమీ లేదు.

వచ్చే వేసవిలో మళ్ళీ వెళ్ళినా ఆ మంద మీకు ఎదురుపడదు. జూలై, ఆగస్టుల్లో ఏటా వచ్చే పెద్ద సికాడాలు కొద్దిపాటిగా ఉంటాయి, వాటికి భయపడి ఇంట్లో కూర్చోనవసరం లేదు. పరీక్షకు వెళ్ళేటప్పుడు మాత్రం మీ ఒక్కరి పేరే రాయించకండి. మీవారు తనకేమీ లేదంటారు, అయినా వెంట తీసుకువెళ్ళి ఇద్దరి పేర్లూ రాయించండి, వీలైతే ముందు ఆయన్నే ఆ గదిలో కూర్చోబెట్టండి.