ఉప్పు సంగతి తర్వాత, ముందు మీ నీళ్లు చూసుకోండి

"ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఇసుక మీద సర్ఫక్టెంట్ అధిశోషణం కొలుస్తున్నాను. ఉప్పు కలిపితే పెరుగుతుందా, తగ్గుతుందా?" అని అడిగారు. సర్ఫక్టెంట్ అంటే సబ్బులాంటి పదార్థం, దాని అణువుకు ఆవేశమున్న తల, జిడ్డులాంటి తోక ఉంటాయి. అది ఇసుక రేణువుల పైభాగానికి అంటుకోవడమే అధిశోషణం. అచ్చం ఇదే ప్రాజెక్టు చేసి, అందులో నెల రోజులు పోగొట్టుకున్నవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

మేం యాసిడ్‌తో కడిగిన ఇసుక, సోడియం డోడెసిల్ సల్ఫేట్ అనే సర్ఫక్టెంట్ తీసుకున్నాం. మామూలు పీహెచ్ దగ్గర ఇసుకకు రుణావేశం, ఈ సర్ఫక్టెంట్ తలకూ రుణావేశమే. అందుకే డిస్టిల్డ్ వాటర్‌లో దాదాపు ఏమీ అంటుకోలేదు. ద్రావణంలో ఎంత మిగిలిందో మిథిలీన్ బ్లూ అనే నీలి రంగుతో చూసేవాళ్లం. క్లోరోఫాం పోసి సెపరేటింగ్ ఫన్నెల్ ఊపితే, సర్ఫక్టెంట్ ఉన్నకొద్దీ కిందనున్న క్లోరోఫాం పొర చిక్కటి నీలం తిరుగుతుంది.

ఒకరోజు కరెంటు లేక డిస్టిల్డ్ వాటర్ అయిపోయింది. బోరు నీళ్లతోనే ద్రావణాలు కలిపేశాను. ఆ సాయంత్రం కింది పొరలో నీలం వెలవెలబోయింది. ఇసుక అంతా పట్టేసిందని సంబరపడి, గ్రాఫు గీసి మా సార్‌కి చూపించాను. ఆయన అడిగింది ఒక్కటే: "ఇసుక వేయకుండా చేసి చూశావా?"

చేయలేదు. ఆ రాత్రి అదే ద్రావణం ఇసుక లేకుండా ఒక సీసాలో పోసి ఉంచాను. పొద్దున చూస్తే అడుగున తెల్లటి మడ్డి! బోరు నీళ్లలోని కాల్షియం సర్ఫక్టెంట్‌ని పట్టుకుని కిందికి దిగిపోయింది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పినప్పుడు ఆ మడ్డి ఇసుకతో పాటే పోయింది, నేనేమో అదంతా అధిశోషణం అనుకున్నాను. ఆ లెక్క తీసేశాక కూడా డిస్టిల్డ్ వాటర్ కంటే ఇసుక మీద ఎక్కువే ఉంది. రెండు ఆవేశాల కాల్షియం అటు ఇసుకనీ ఇటు సర్ఫక్టెంట్ తలనీ కలిపే వంతెన అవుతుంది మరి.

మామూలు ఉప్పు ఇంత గొడవ చేయదు. తలల మధ్య వికర్షణ తగ్గించి అవి దగ్గర దగ్గరగా సర్దుకునేలా చేస్తుంది. మిసెల్స్, అంటే సర్ఫక్టెంట్ అణువుల గుంపులు, మొదలయ్యే గాఢత స్వచ్ఛమైన నీటిలో సుమారు 8 మిల్లీమోలార్ అయితే, 0.1 మోలార్ ఉప్పులో 1.5 దగ్గరికి పడిపోతుంది. ఇసుక మీద మాత్రం ఉప్పుతో పెద్ద పెరుగుదల ఆశించకండి. అదే అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్ పొడి) అయితే కథ వేరు. పీహెచ్ 9కి కాస్త కింద వరకూ దానిది ధనావేశం. సర్ఫక్టెంట్ తక్కువగా ఉన్నప్పుడు ఉప్పులోని క్లోరైడ్ చోటు కోసం పోటీపడి అధిశోషణాన్ని తగ్గిస్తుంది, సర్ఫక్టెంట్ ఎక్కువైతే అదే ఉప్పు పెంచుతుంది. "ఉప్పు వేస్తే పెరుగుతుంది" అని ఒక్క వాక్యంలో తేల్చేసే నోట్సులంటే నాకు ఒళ్లు మంట. పిల్లలు వైవాలో అదే అప్పజెప్పి వస్తున్నారు.

ఇంకొకటి, ఏళ్ల తరబడి అలమరలో పడున్న సోడియం డోడెసిల్ సల్ఫేట్ డబ్బా వాడకండి. తేమకి అది విడిపోయి డోడెకనాల్ తయారవుతుంది. మీరు కలపని ఆ ఆల్కహాల్ కొంచెం ఉన్నా సర్ఫక్టెంట్ తోకల మధ్య దూరి ఫలితాన్ని మార్చేస్తుంది. నన్నడిగితే ప్రాజెక్టు రిపోర్టుల్లో పొంతన లేని అంకెలకి సగం కారణం ఇలాంటి పాత డబ్బాలూ, బోరు నీళ్లే. రేపు ల్యాబ్‌కి వెళ్లగానే ఇసుక లేని సీసా ఒకటి పక్కన పెట్టండి, ఉప్పు ఆ తర్వాత కలపండి.