పై పెదవి పలుచగా ఉంది, 3 నెలల్లో పెళ్లి: ఏ ఆపరేషన్ చేయించుకోవాలి?

మీరు శ్రీకాకుళం నుంచి అడిగారు. నేను విజయనగరంలో ఉంటాను, పెదవికి విశాఖలో ఆపరేషన్ చేయించుకున్నాను. నాకు పుట్టుకతో గ్రహణం మొర్రి. అమ్మ గ్రహణం నాడు కూర తరిగిందని అందరూ ఆమెనే ఆడిపోసుకున్నారు. ఆ మాటలో నిజం లేదు. పసితనంలోనే కుట్టినా పై పెదవికి ఎడమవైపు గంటు మిగిలింది. గ్లాసుతో నీళ్లు తాగితే అక్కడి నుంచే బొట్టు జారేది. 28 ఏళ్లకు దాన్ని సరిచేయించుకున్నాను.

ప్లాస్టిక్ సర్జన్ ముందుగా ముక్కు అడుగు నుంచి పెదవి అంచు దాకా కొలిచారు. మీ సమస్య ఏమిటో కూడా ఆ కొలతతోనే తేలుతుంది. అక్కడి చర్మం పొడవు ఎక్కువైతే లిప్ లిఫ్ట్ చేస్తారు: ముక్కు కింద సన్నని చర్మపు పట్టీ తీసేసి పెదవిని పైకి లాగి కుడతారు. ఫలితం శాశ్వతం, మచ్చ కూడా శాశ్వతమే. పొడవు సరిగానే ఉండి పెదవిలో నిండుదనం లేకపోతే పొట్ట నుంచో తొడ నుంచో కొవ్వు తీసి ఎక్కిస్తారు. అందులో కొంత కరిగిపోతుంది కాబట్టి మళ్లీ చేయాల్సి రావచ్చు. నాకు పెదవి లోపలి పొరను కోసి ముందుకు జరిపి కుట్టారు, కొంచెం కొవ్వు కూడా ఎక్కించారు. ఈసారి కోత మచ్చ నోటి లోపలే ఉండిపోయింది. సిలికాన్ ఇంప్లాంట్లూ ఉన్నాయి కానీ, క్షణం ఊరుకోని పెదవిలో అవి పక్కకు జరగవచ్చు. నేనైతే వద్దంటాను.

మొదటి నాలుగు రోజులు వాపుతో పెదవులు కలవలేదు. ప, బ, మ పలకలేకపోయాను. అమ్మా అని పిలవలేక మంచం కోడు మీద తట్టేదాన్ని. చల్లారిన గంజి చెంచాతో తాగాను.

3 నెలల్లో పెళ్లి పెట్టుకుని లిప్ లిఫ్ట్ వద్దు. మచ్చ కొన్ని నెలలు ఎర్రగా, గట్టిగా ఉంటుంది. సర్దుకోవడానికి ఏడాది దాకా పడుతుంది. చెవి కుట్టిన చోట మీకు ఎప్పుడైనా గడ్డ కట్టి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి, ముక్కు కింద కూడా అలా పెరగవచ్చు.

పెళ్లికి ముందే కావాలంటే హైలురోనిక్ యాసిడ్ ఫిల్లర్ ఉంది, అంటే పెదవిని నిండుగా చేసే ఇంజెక్షన్. సుమారు 6 నుంచి 12 నెలలు నిలుస్తుంది, నచ్చకపోతే ఇంజెక్షన్‌తో కరిగించవచ్చు. బ్యూటీ పార్లర్‌లో మాత్రం వేయించుకోకండి. మందు రక్తనాళంలోకి పోతే ఆ చోట చర్మం చచ్చిపోవచ్చు, వెంటనే విరుగుడు ఇవ్వగల డాక్టరు ఎదురుగా ఉండాలి.

ఆపరేషన్‌కే వెళితే, సర్జన్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. గానీ డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ అంటున్నారు) గానీ డిగ్రీ ఉందేమో చూడండి. లిప్ లిఫ్ట్ కుట్లు సాధారణంగా వారం లోపే తీస్తారు, అంతవరకు విశాఖలోనే చుట్టాల ఇంట్లో ఉండే ఏర్పాటు చేసుకోండి. మీరు హాయిగా నవ్విన ఫోటో ఒకటి పట్టుకెళ్లండి. నవ్వినప్పుడు పళ్లు ఎంత కనిపిస్తాయో చూసి, ఎంత చర్మం తీయాలో నిర్ణయిస్తారు.