రెండు దారులకు ఒకే జత టైర్లు

అమ్మలూ,

రోజూ ఆఫీసుకూ, ఆదివారాలు మట్టి దారికీ తిప్పే నీ మోటారు సైకిలుకు ఏ టైర్లు వేయాలని అడుగుతూ నువ్వు పంపిన ఫోటో చూశాను. ఆ గుబ్బల టైర్లు వేస్తే నీ బండి భలే ఉంటుంది, కాదనను. కానీ కొనే ముందు ఒక్క పని చెయ్యి. ఒక నెల పాటు బండి ఎక్కడ ఎంత తిరిగిందో రాసిపెట్టు. తారు రోడ్డు లెక్క వేరే, మట్టి దారి లెక్క వేరే. మన మనసంతా ఆదివారం దారి మీదే ఉంటుంది గానీ, టైరు అరిగేది ఆఫీసు రోడ్డు మీదే. రోజుకు 40 కిలోమీటర్ల చొప్పున 24 రోజులు ఆఫీసుకు వెళ్లొస్తే 960 కిలోమీటర్లు. నెలకు రెండు సార్లు 60 కిలోమీటర్ల మట్టి దారి తొక్కితే 120. అంటే తొమ్మిదింట ఎనిమిది వంతులు తారే. ఈ లెక్క చేతిలో ఉంటే సగం టెన్షన్ తీరిపోతుంది.

టైర్లకు 90/10, 80/20, 50/50 అని చెబుతుంటారు కదా, మొదటిది తారు, రెండోది మట్టి. అది తయారుచేసేవాళ్లు తమ అంచనాతో పెట్టుకున్న లెక్కే, అందరికీ కలిపి ఒక కొలత లేదు. అందుకే ఆ అంకె కన్నా టైరునే కళ్లతో చూడు. నడిమధ్యలో రబ్బరు ఎడతెగకుండా ఉందా, గుబ్బకీ గుబ్బకీ మధ్య ఎంత ఖాళీ ఉంది? ఖాళీ ఎక్కువైన కొద్దీ బురదను విదిలించుకుంటుంది, మెత్తటి నేలలో దిగి పట్టుకుంటుంది. తారు మీద మాత్రం ఆ ఖాళీ అంతా నేలను తాకని చోటే.

ఈ మాట నేను చేయి విరగ్గొట్టుకుని తెలుసుకున్నాను. అప్పట్లో ముందూ వెనకా పూర్తి గుబ్బల టైర్లే వేయించాను. వాన అప్పుడే తెరిపిచ్చింది. ముందు వెళ్తున్న బండి ఆగితే నేనూ బ్రేకు పట్టాను. సరిగ్గా ఆ క్షణంలో ముందు చక్రం రోడ్డు మీది తెల్లగీత ఎక్కింది. జారుతున్నట్టు కూడా తెలియలేదు, హ్యాండిలు ఒక్కసారిగా తేలికైపోయింది, అంతే. ఎడమ మణికట్టుకు కట్టు ఆరు వారాలు ఉంది. నీ బండికి ఏబీఎస్ ఉందనుకో, అది చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది. లేని గ్రిప్పును మాత్రం తెచ్చిపెట్టలేదు.

అందుకని ముందు టైరు సంగతి విడిగా ఆలోచించు. వెనక టైరు జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు, ముందు టైరు జారితే సర్దుకునే వ్యవధి ఉండదు. నువ్వు చెప్పిన దారి ఎక్కువగా ఎండిన మట్టి, గులకరాళ్లు. దానికి 80/20 రకం టైరు, గాలి కాస్త తగ్గిస్తే చాలు, గుబ్బలు అక్కర్లేదు. తడిసిన బంకమట్టిలో దిగడం తప్పదంటే అప్పుడు 50/50 దాకా వెళ్లు. ఆ మట్టిలో రోడ్డు టైరు గాడులు నాలుగు చుట్లకే పూడిపోతాయి, తర్వాత నున్నటి గుండు మీద కూర్చున్నట్టే. 50/50 వేశాక వాన రోజున ముందు బండికీ నీకూ మధ్య ఎడం రెట్టింపు ఉంచు. ఈ ఒక్క మాట నాకోసం విను.

టైరు పక్కన అచ్చు వేసిన అంకెలు చదవడం నేర్చుకో, ఎవరినీ అడగక్కర్లేదు. 90/90-21 54ఎస్ అని ఉందనుకో. మొదటి 90 వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండో 90 అంటే ఎత్తు ఆ వెడల్పులో 90 శాతం, అంటే 81 మిల్లీమీటర్లు. 21 అంటే రిమ్ము అడ్డుకొలత, అంగుళాల్లో. 54 అంటే 212 కిలోల బరువు మోస్తుంది, ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల దాకా పనికొస్తుంది. గుబ్బల టైర్లలో చాలావాటికి క్యూ ఉంటుంది, అది 160. బండి పుస్తకంలో రాసినదానికన్నా బరువు అంకె తగ్గనివ్వకు. బండి మీద ఇద్దరు కూర్చుని, వెనక సామాను కట్టినప్పుడు దాని విలువ తెలుస్తుంది. పక్కనే చిన్న చట్రంలో నాలుగు అంకెలు ఉంటాయి. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైందని. పాత సరుకు అంటగడితే అక్కడే దొరికిపోతుంది. బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందో లేదో బిగించాక నువ్వే చూసుకో.

లావు టైరు వేస్తే బండి బలంగా కనిపిస్తుందన్న మోజు పెట్టుకోకు. ఉన్న రిమ్ముకు వెడల్పు టైరు ఎక్కిస్తే దాని గుండ్రం పాడైపోతుంది, వంపుల్లో బండి మాట వినదు, చైనుకు రాసుకునే ప్రమాదం కూడా ఉంది. చక్రం అడ్డుకొలత మారిస్తే మీటరు లెక్క తప్పుతుంది, ఏబీఎస్ కూడా తికమకపడవచ్చు.

ఇక చక్రాలు. 21 అంగుళాల ముందు చక్రం రాళ్లనూ గోతులనూ సులువుగా ఎక్కి దిగుతుంది, 17 అయితే తారు మీద చటుక్కున తిరుగుతుంది. 19 రెంటికీ మధ్య రాజీ, నీ లెక్కకు అదే నప్పుతుంది. స్పోకుల చక్రం గట్టి దెబ్బకు వంగుతుంది, వంగినదాన్ని సరిచేయించవచ్చు. అల్లాయ్ చక్రం పగిలితే మార్చడమే. కానీ మామూలు స్పోకుల రిమ్ములో ట్యూబు ఉండి తీరాలి, స్పోకులు దిగే కన్నాల్లోంచి గాలి పోతుంది కనుక. ట్యూబ్‌లెస్‌కు మేకు గుచ్చుకుంటే చక్రం ఊడదీయకుండానే పావుగంటలో చిల్లులో రబ్బరు పురి దూర్చి బయల్దేరవచ్చు. ట్యూబు అయితే టైరు విప్పాల్సిందే. ఆఫీసు టైముకు చేరాల్సిన మనిషికి ఇది చిన్న తేడా కాదు. స్పోకులే ఉంటే ఒక ముందు ట్యూబు వెంట ఉంచుకో, ఇరుకున పడ్డప్పుడు వెనక టైరులో కూడా సర్ది ఇల్లు చేరవచ్చు.

స్పోకులున్న చక్రానికి మట్టిలో తిరిగొచ్చిన ప్రతిసారీ ఒక పని ఉంది. బండిని స్టాండు మీద పెట్టి, చక్రం నెమ్మదిగా తిప్పుతూ చిన్న స్పానరుతో ఒక్కో స్పోకునూ తట్టు. బిగువుగా ఉన్నది టింగ్ అంటుంది. వదులైనది టప్ అని మొద్దుగా పలుకుతుంది. ఒకటి వదులైతే దాని బరువు పక్కవాటి మీద పడుతుంది, మెల్లగా అవీ వదులవుతాయి. వాల్వును కూడా చూడు. రిమ్ములోంచి నిటారుగా రాకుండా పక్కకు వాలిందంటే రిమ్ము మీద టైరు జరిగి ట్యూబును లాగుతోందన్నమాట. అలాగే వదిలేస్తే వాల్వు మొదలు చిరిగి, నడుస్తుండగానే గాలి మొత్తం పోతుంది. గాలి తీసి సరిచేసి మళ్లీ నింపు.

గాలి సంగతే అన్నిటికన్నా పెద్దది. ఖరీదైన టైరు వేసి గాలి చూడనివాడి కన్నా, మామూలు టైరుకు గాలి సరిగ్గా ఉంచేవాడు బాగా నడుపుతాడు. తారు మీద బండి పుస్తకంలో ఎంత ఉంటే అంతే, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. మట్టి దారి మొదట్లో ఆగి తగ్గించు. పుస్తకంలో 30 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉంటే 22 దాకా దించు, టైరు నేల మీద కాస్త పరుచుకుంటుంది, రాళ్ల మీద ఎగరడం తగ్గుతుంది. పెద్ద రాళ్లుంటే 25 దగ్గరే ఆగు. ట్యూబు ఉన్న టైరులో 18 కిందికి వద్దు, రాయి తగిలి ట్యూబు రిమ్ముకు నలిగిందంటే పాము కరిచినట్టు రెండు చోట్ల చిల్లు పడుతుంది. తిరిగి తారు ఎక్కేముందు గాలి నింపడం మరవకు. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు పక్కలు నలిగి వేడెక్కుతాయి. అందుకని టైర్ల మీద పెట్టే డబ్బులో కొంత మిగిల్చి ఒక మంచి గేజీ, చిన్న పంపు కొనుక్కో.

రెండు జతల చక్రాలు పెట్టుకుని ఆదివారం మార్చుకుంటానన్నావు. కొంతకాలం నేనూ చేశాను. బ్రేకు డిస్కు, స్ప్రాకెట్టు (చైను పట్టే పళ్ల చక్రం), చక్రం వేగం కొలిచే ఏబీఎస్ రింగు అన్నీ రెండేసి కావాలి, రెండో నెలకే మార్చడం బద్ధకమవుతుంది. నా ఓటు ఒకే జతకు. కొత్త టైరు వేయించిన మొదటి 150 కిలోమీటర్లు బండిని పెద్దగా వాల్చకు, గట్టిగా బ్రేకు పట్టకు. కొత్త రబ్బరు పైపొర నున్నగా ఉంటుంది, అది కొంచెం అరిగాకే పట్టు వస్తుంది.

నెల లెక్క పూర్తయ్యాక ఇప్పుడున్న టైరు పక్క అంకెల ఫోటో తీసి నాకు పంపు. ఈసారి వచ్చేటప్పుడు బండి మీదే రా, స్పోకులు ఇద్దరం కలిసి తట్టి చూద్దాం.

మీ పెదనాన్న