సమాధానం: ఫ్రిస్కో ఇంటికి టాక్స్ ఒక్కసారిగా ఎందుకు పెరిగింది?

నిరుడు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు కొన్నారు, పాత ఓనర్ కట్టినదానికంటే ప్రాపర్టీ టాక్స్ బాగా ఎక్కువ వచ్చింది, రికార్డు ఎక్కడ చూడాలని కదండీ అడిగారు. టెన్షన్ పడకండి, లెక్క తప్పై ఉండకపోవచ్చు.

ముందు ఇల్లు కాలిన్ కౌంటీలో ఉందో డెంటన్‌లో ఉందో చూసుకోండి, ఫ్రిస్కో రెండింటిలోనూ ఉంది. టెక్సస్‌లో విలువ కట్టేది అప్రైజల్ డిస్ట్రిక్ట్, డబ్బు వసూలు చేసేది టాక్స్ ఆఫీసు. చాలామంది బిల్లు చూసి అక్కడే ఆగిపోతారు. మీరు అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్‌లో అడ్రస్ కొట్టి, పాత సంవత్సరాల విలువలు తెరవండి. ఉదాహరణకు మార్కెట్ వాల్యూ 6 లక్షల డాలర్లు, పక్కన అప్రైజ్డ్ వాల్యూ (టాక్స్ లెక్కకు తీసుకునే విలువ) 4.8 లక్షలే ఉందనుకోండి, పాత ఓనర్‌కి హోమ్‌స్టెడ్ క్యాప్, అంటే సొంతంగా ఉండే ఇంటికి ఇచ్చే పరిమితి, ఉండి ఉండొచ్చు. తాను ఉండే ఇంటికి ఆ రెండో అంకె, కొత్త కట్టడాలు లేకపోతే, ఏడాదికి 10 శాతం మించి పెరగదు. ఇల్లు చేతులు మారాక వచ్చే జనవరి 1 నుంచి ఆ క్యాప్ పోతుంది. మీకు తగిలిన దెబ్బ బహుశా అదే.

అదే సైట్‌లో ఎగ్జెంప్షన్ల (టాక్స్ మినహాయింపుల) దగ్గర మీకు హోమ్‌స్టెడ్ కనిపించకపోతే వెంటనే అప్లై చేయండి. ఫీజేమీ లేదు, డబ్బిస్తే చేసిపెడతామనే ఉత్తరాలు వస్తే చెత్తబుట్టలో వేయండి. విలువే ఎక్కువ అనిపిస్తే ప్రొటెస్ట్‌కి (అభ్యంతరం చెప్పడానికి) గడువు మే 15, లేదా నోటీసు పంపాక 30 రోజులు, ఏది తర్వాత వస్తే అది.