కట్టెలు కోసే మిషను: ఏది కొనాలి, ఎలా కాపాడుకోవాలి
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పసుపు ఉడకబెట్టే రోజులు దగ్గర పడ్డాయి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చైన్‌సా గురించే ఉన్నాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: రెండెకరాల పాత మామిడి తోట తీసేస్తున్నాం. గట్ల మీద తుమ్మలు కూడా ఉన్నాయి. పసుపు ఉడకబెట్టడానికి, ఇంటి పొయ్యికి కట్టెలు మేమే కోసుకుందామనుకుంటున్నాం. 58 సీసీ, 22 అంగుళాల బారు (చైను చుట్టూ తిరిగే పొడుగాటి ఇనుప పట్టీ) ఉన్న మిషను ఏడు వేలకు ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా? – ఒక రైతు, మెట్‌పల్లి

జవాబు: ముందు ఆ 58 సీసీ నిజమో కాదో లెక్క కట్టండి. మిషను పుస్తకంలో సిలిండరు బోరు (లోపలి వ్యాసం), స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) మిల్లీమీటర్లలో ఉంటాయి. వాటిని సెంటీమీటర్లలోకి మార్చి, బోరును బోరుతో గుణించి, వచ్చినదాన్ని 0.785తో, తర్వాత స్ట్రోకుతో గుణించండి. బోరు 45.2, స్ట్రోకు 33 మిల్లీమీటర్లు అయితే 52.9 సీసీ వస్తుంది. డబ్బా మీద 58 అని ఉండి లెక్కలో 53 వస్తే, ఆ డబ్బా మీద రాసిన మిగతావి కూడా నమ్మకండి. పుస్తకంలో బోరు, స్ట్రోకు అసలే లేకపోతే ఆ మిషను వదిలేయండి.

సీసీ కంటే ముఖ్యమైనది కిలోవాట్ల శక్తి. ఎండిన తుమ్మ, ముదురు మామిడి కోయడానికి 2.1 నుంచి 2.5 కిలోవాట్ల మిషను, 16 లేదా 18 అంగుళాల బారు సరిగ్గా సరిపోతాయి. పోల్చుకోవడానికి రెండు చెబుతాం. స్టిల్ ఎంఎస్ 250 అనేది 45.4 సీసీ, 2.3 కిలోవాట్లు. హస్క్‌వర్నా 450 అనేది 50.2 సీసీ, 2.4 కిలోవాట్లు. కొమ్మలు కొట్టడం వరకే అయితే 30 సీసీ మిషను చాలు. 70 సీసీ పైవి రోజూ పెద్ద చెట్లు పడగొట్టేవాళ్లకే. వాటి బరువుకు మధ్యాహ్నానికల్లా చేతులు లాగేస్తాయి, అలసిన చేతిలో మిషను అదుపు తప్పుతుంది.

22 అంగుళాల బారు మీకు అక్కర్లేదు. 16 అంగుళాల బారుతోనే రెండు పక్కల నుంచి కోస్తే రెండడుగుల మొద్దు తెగుతుంది. బారు పొడుగయ్యేకొద్దీ చైనులో పండ్లు పెరుగుతాయి, ఇంజను మీద బరువు పెరుగుతుంది, అంత పొడుగునా ఆయిలు అందించడం చిన్న పంపుకు చేతకాదు. చౌక మిషన్లలో బారు ముక్కు నీలం రంగు తిరిగి కాలిపోయేది అందుకే.

అలాగని ఏడు వేల మిషను దండగని అనం. ఏడాదిలో పది రోజులు సొంత పొలంలో కోసుకునేవాళ్లకు పనికొస్తుంది, కానీ దానికి 18 అంగుళాల బారు, చైను వేయించుకోండి. ఆ రకం మిషన్ల కార్బొరేటర్లు, పెట్రోలు పైపులు, క్లచ్ స్ప్రింగులు ఒకదానివి ఇంకొకదానికి పడతాయి, తక్కువ ధరకే దొరుకుతాయి. ముందుగా పాడయ్యేవి కూడా అవే. కిరాయికి తిప్పాలనుకుంటే మాత్రం మూడు నాలుగు రెట్లు ఎక్కువైనా పేరున్న కంపెనీదే తీసుకోండి. పని మధ్యలో రెండు రోజులు ఆగిపోతే ఆ తేడా అక్కడే పోతుంది.

డబ్బు కట్టే ముందు దుకాణంలో మూడు పనులు చేయండి. ఒకటి, చైను బ్రేకు. మిషను నడుస్తుండగా ముందు పిడికి ఎదురుగా ఉన్న చేతి అడ్డును మణికట్టుతో ముందుకు నెట్టి, వెంటనే యాక్సిలరేటరు వదలండి. చైను అక్కడికక్కడే ఆగాలి. రెండు, ఆయిలు. బారు ముక్కును తెల్ల అట్టముక్కకు జానెడు దూరంలో పట్టి మిషను రేస్ చేయండి. కొద్ది సేపట్లో అట్ట మీద సన్నని నూనె గీత పడాలి. పడకపోతే పంపు పనిచేయట్లేదు. మూడు, బారు మీద చెక్కిన అంకెలు రాసుకోండి. పిచ్ (లింకుల సైజు, అంగుళాల్లో) .325, గేజీ (గాడిలో దిగే లింకు మందం, మిల్లీమీటర్లలో) 1.5, గాడిలో దిగే లింకులు 72 అన్నట్టు ఉంటుంది. ఆ మూడు అంకెల చైను మీ ఊరికి దగ్గర్లో ఎక్కడ దొరుకుతుందో అడిగాకే కొనండి. చైను దొరకని మిషను ఎంత మంచిదైనా ఇంట్లో మూలన పడి ఉంటుంది.

ప్రశ్న: వాడిన మిషను ఒకటి అమ్మకానికి ఉంది. లోపల ఇంజను బాగుందో లేదో విప్పకుండా తెలుస్తుందా? – ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: చాలావరకు తెలుస్తుంది. ఇంజను ఆపేసి, చల్లగా ఉన్నప్పుడు, స్టార్టు తాడు పిడి పట్టుకుని మిషను మొత్తాన్ని గాల్లో వేలాడదీయండి. కంప్రెషను (సిలిండరులో గాలి బిగువు) బాగుంటే మిషను ఆగి ఆగి, మెల్లగా కిందికి దిగుతుంది. సర్రున జారిపోతే పిస్టను రింగులో సిలిండరో అరిగిపోయినట్టే. తాడు తేలిగ్గా లాగడానికి ఆ బిగువు తగ్గించే చిన్న వాల్వు కొన్నింటికి ఉంటుంది, అది నొక్కి ఉండకుండా చూసుకోండి.

ఇంకా నమ్మకం కావాలంటే సైలెన్సరు బోల్టులు రెండు మూడు విప్పమనండి. సైలెన్సరు తీస్తే ఆ రంధ్రంలోంచి పిస్టను పక్క కనిపిస్తుంది. టార్చి వేసి తాడు మెల్లగా లాగుతూ చూడండి. పిస్టను నున్నగా, బూడిద రంగులో ఉండాలి. గోరుతో గీకినట్టు పైనుంచి కిందికి గీతలుంటే ఒకసారి పట్టేసిన ఇంజనే. ఎంత తగ్గించి ఇచ్చినా అది వద్దు. విప్పనివ్వకపోతే కూడా వద్దు.

ప్రశ్న: మా తమ్ముడి మిషను రెండో రోజే పిస్టను పట్టేసింది. పెట్రోలులో ఆయిలు కలిపామనే అంటున్నాడు. ఎంత కలపాలి? – ఒక పాఠకురాలు, ములుగు

జవాబు: ఎంత కలిపారన్నదొక్కటే కాదు, ఏ ఆయిలు కలిపారన్నది కూడా చూడాలి. బైకులో పోసే ఫోర్‌స్ట్రోకు ఇంజనాయిలు కలిపి ఉంటే పట్టేయడంలో ఆశ్చర్యం లేదు. చైన్‌సా టూస్ట్రోకు ఇంజను. కింద ఆయిలు గది ఉండదు. క్రాంకు బేరింగులకు, పిస్టనుకు అందే నూనె అంతా పెట్రోలుతో కలిసి వచ్చేదే. అందుకని డబ్బా మీద జాసో (జపాను నాణ్యత ప్రమాణం) ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ గుర్తు ఉన్న టూటీ, అంటే టూస్ట్రోకు ఆయిలే కొనాలి.

మంచి ఆయిలయితే 50కి 1, అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. మీ మిషను పుస్తకంలో 25కి 1 అని ఉంటే 40 మిల్లీలీటర్లు. కంటి లెక్క వద్దు. మందుల షాపులో దొరికే 10 మిల్లీ సిరంజి ఒకటి ఇందుకే కేటాయించుకోండి. డబ్బాలో సగం పెట్రోలు పోసి, ఆయిలు వేసి బాగా కుదిపి, తర్వాత మిగతా పెట్రోలు పోయండి. మిషను ట్యాంకులోనే కలిపితే ఆయిలు అడుగుకు చేరి, మొదట పొగ, తర్వాత వట్టి పెట్రోలు వెళ్తాయి. మీ తమ్ముడు అలా కలిపి ఉంటే ఆ ఒక్క కారణమే చాలు.

భయంతో ఎక్కువ ఆయిలు పోసేవాళ్లూ ఉన్నారు. అది కూడా తప్పే. ప్లగ్గు నల్లగా తడిసిపోతుంది, సైలెన్సరు మసితో మూసుకుపోతుంది. పైగా ఆయిలు పెరిగినంత మేర పెట్రోలు తగ్గి ఇంజను ఇంకా వేడెక్కుతుంది.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు ఉంటోంది. ఇథనాలు గాలిలో తేమను పీల్చుకుంటుంది. నెలలు నిల్వ ఉంటే ఆ నీళ్లు, ఇథనాలు కలిసి అడుగున వేరే పొరగా చేరతాయి. ట్యాంకులో పెట్రోలు పీల్చే గొట్టం చివర బరువుంటుంది, అది అడుగునే ఉంటుంది కాబట్టి ముందు పీల్చేది ఆ నీళ్లనే. కార్బొరేటరులో పలచని రబ్బరు పొర కూడా గట్టిపడుతుంది. చోకు పెడితే స్టార్టయి, చోకు తీయగానే ఆగిపోయే మిషన్లలో చాలావాటి జబ్బు ఇదే. కలిపిన పెట్రోలు నెలకు మించి ఉంచకండి. పని అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతట అది ఆగేదాకా నడిపి, అప్పుడు లోపల పెట్టండి.

ప్రశ్న: ఏడాది కిందటి మిషను ఇప్పుడు దుంగలో వంకరగా దిగుతోంది, పొగ వస్తోంది, అరగంట పనిచేసి ఆగిపోతోంది. చైను మార్చాలా? – ఒక రైతు, పరకాల

జవాబు: ముందు కిందపడే పొట్టు చూడండి. చైను పదునుగా ఉంటే చిన్న చిన్న పెంకుల్లాంటి ముక్కలు రాలతాయి. మొద్దుబారితే పిండిలా పొడి వస్తుంది. పొడి వస్తుంటే మీ మిషను కోయట్లేదు, రుద్దుతోంది. పొగ అక్కడిదే. ట్రాక్టరుతో ఈడ్చిన దుంగకు మట్టి అంటి ఉంటుంది. ఒక్కసారి మట్టిలో దిగితే కొత్త చైను పదును అక్కడితో సరి. ముందు గొడ్డలితో ఆ చోట బెరడు చెక్కేసి కోయండి. ఊరి వేప చెట్లలో మేకులు కూడా ఉంటాయి, చూసుకోండి.

వంకరగా దిగడానికి కారణం ఒక పక్క పండ్లు చిన్నవిగా, ఇంకో పక్కవి పెద్దవిగా ఉండడం. 72 లింకుల చైనులో 36 పండ్లు ఉంటాయి. ఎడమవి 18, కుడివి 18. బాగా అరిగిన పన్ను ఏదో చూసి, అన్నింటినీ దాని పొడుగుకే తేవాలి. .325 పిచ్ చైనుకు 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి కావాలి. చిన్న మిషన్ల సన్న 3/8 చైనుకు 4 మిల్లీమీటర్లది. చైను బ్రేకు వేసి, బారును కట్టెల మధ్య కదలకుండా బిగించండి. పన్ను నెత్తి మీద కంపెనీవాళ్లు గీసిన వాలు గీత ఉంటుంది, చాలావాటికి 30 డిగ్రీలు. ఆకురాయిని ఆ గీతకు సమానంగా, దాని మందంలో ఐదో వంతు పన్ను పైకి కనిపించేలా పట్టి, లోపలి నుంచి బయటికి తోయండి. వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయండి. ఒక పంటికి మూడు తోపులంటే అన్నింటికీ మూడే. ఒక పక్కవన్నీ అయ్యాక ఇటు తిరిగి రెండో పక్క మొదలుపెట్టండి.

ప్రతి పన్ను ముందు చిన్న బొడిపె ఉంటుంది. పన్ను ఎంత లోతు కొరకాలో నిర్ణయించేది అదే. నాలుగుసార్లు సాన పట్టాక దాన్ని చదును ఆకురాయితో కొంచెం దించాలి, పన్ను కంటే 0.65 మిల్లీమీటరు కిందికి ఉండాలి. ఈ లోతు కొలిచే గేజీ పెట్టకుండా దించకండి. ఎక్కువ దించితే చైను కట్టెలో ఎగిరెగిరి పడుతుంది.

సాన పట్టినా వంకర పోకపోతే బారు అరిగింది. చైను చేత్తో పక్కకు వంచి చూడండి, బాగా ఒరిగితే కొత్త బారే. అంచులు రేకులా లేచి ఉంటే ఆకురాయితో తీసేయొచ్చు. చైను సాన పట్టిన ప్రతిసారీ బారును తిరగేసి బిగించండి, గాడిలో పేరుకున్న పొట్టు గీకేయండి, ఆయిలు రంధ్రం పుల్లతో శుభ్రం చేయండి. వాడిన నల్ల ఇంజనాయిలు చైనుకు పోయకండి. అందులోని ఇనుప పొడి పంపునూ బారునూ తింటుంది.

చైను బిగువు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. బారు మధ్యలో పైకి లాగితే లింకులు గాడి దాటి పూర్తిగా బయటికి రాకూడదు, వదిలితే టక్కున సర్దుకోవాలి, చేత్తో లాగితే తిరగాలి. వేడి మీద బిగించి అలాగే వదిలితే చల్లారాక చైను కుంచించుకుపోయి బేరింగులను లాగుతుంది.

ఇక అరగంటకు ఆగిపోవడం. ఆగగానే కొంచెం చల్లారనిచ్చి పెట్రోలు మూత మెల్లగా వదులు చేసి మళ్లీ బిగించి లాగండి. వెంటనే స్టార్టయితే ట్యాంకుకు గాలి వెళ్లే చిన్న దారి మూసుకుపోయింది, పెద్ద ఖర్చు లేదు. కాకపోతే పెట్రోలు లేని చోటికి తీసుకెళ్లి, ప్లగ్గు విప్పి, సిలిండరుకు ఆనించి తాడు లాగండి. నిప్పు రాకపోతే ప్లగ్గో కాయిలో పోయి ఉండొచ్చు. ప్లగ్గు సందు 0.5 మిల్లీమీటరు ఉందో లేదో అప్పుడే చూసుకోండి.

ప్రశ్న: మాది కట్టెల అడితి. కరెంటు చైన్‌సా పెట్టుకోవచ్చా? – ఒక వ్యాపారి, హన్మకొండ

జవాబు: ఒకే చోట కోసేవాళ్లకు అదే మంచిది. పొగ ఉండదు, పెట్రోలు కలిపే బాధ లేదు. 2000 వాట్ల మిషను దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు వేస్తే వోల్టేజీ పడిపోయి మోటారు కాలుతుంది, కాబట్టి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయించండి. షాకు కొడితే ఆపేసే ఆర్‌సీసీబీ తప్పనిసరి. బారు ఆయిలు దీనికీ పోయాలి. వానలో, తడి నేల మీద వాడొద్దు.

ప్రశ్న: కోస్తుంటే బారు ఒక్కసారి మీదికి లేచింది. ఇంకోసారి దుంగలో ఇరుక్కుంది. ఎందుకలా? – ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: బారు ముక్కులో పై పావు భాగం దేనికి తగిలినా చైను ముందుకు పోలేక బారును మన ముఖం మీదికి విసురుతుంది. అందుకే ముక్కుతో కోయకూడదు, పక్కన ఇంకో దుంగ ఉంటే దూరం జరపాలి, ఎడమ బొటనవేలు ముందు పిడి చుట్టూ బిగించి ఉండాలి, భుజం ఎత్తు దాటి మిషను ఎత్తకూడదు. లుంగీ, చెప్పులతో ఈ పని చేయకండి. బూట్లు, కళ్లద్దాలు, చెవులకు మూతలు కావాలి.

ఇరుక్కోవడం దుంగ ఎలా ఆనిందన్నదాన్ని బట్టి ఉంటుంది. రెండు కొసలా ఆని మధ్య గాల్లో ఉంటే పై భాగం నొక్కుకుంటుంది, కాబట్టి పైనుంచి మూడో వంతు కోసి మిగతాది కింది నుంచి కోయండి. ఒక కొస గాల్లో ఉంటే దీనికి తలకిందులు, ముందు కింద మూడో వంతు, తర్వాత పైనుంచి. ఇరుక్కున్నాక ఇంజను రేస్ చేసి లాగితే క్లచ్ కాలుతుంది. ఆపేసి, కోసిన సందులో కర్ర చీల కొట్టి బారు తీయండి.

ప్రశ్న: సొంత పొలంలో చెట్టు కొట్టడానికి అనుమతి కావాలా? – ఒక రైతు, ఏటూరునాగారం

జవాబు: 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం సొంత భూమిలోని చెట్లకూ వర్తిస్తుంది. ఏ చెట్టో, ఎన్నో, సర్వే నంబరు ఏదో రాసుకుని మీ అటవీ రేంజి కార్యాలయంలో ముందే అడగండి. టేకు దుంగలను బండి ఎక్కించి తరలించాలంటే రవాణా పర్మిట్ వేరేగా తీసుకోవాలి.